కలయిక తర్వాతే ఎందుకిలా? యోని సహజ రక్షణ గురించి ఒక ప్రశ్న

వెన్నెలదారి
చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నదాన్నే, రాయడం మాత్రం ఇదే మొదలు. కొంచెం మొహమాటంగా ఉంది, అయినా అడగక తప్పట్లేదు.

నాకు 31 ఏళ్లు. మామూలు రోజుల్లో ఏ ఇబ్బందీ ఉండదు. మేమిద్దరం కలిసిన మర్నాడో ఆ పై రోజో పల్చగా, బూడిద రంగులో డిశ్చార్జ్ మొదలవుతుంది. దాంతోపాటు నీచు వాసన. దురద పెద్దగా ఉండదు. డాక్టరు చూసి బ్యాక్టీరియల్ వజైనోసిస్ (బీవీ), అంటే యోనిలో బ్యాక్టీరియా సమతుల్యం తప్పడం, అన్నారు. మాత్రలు వేసుకుంటే తగ్గుతుంది, కొన్ని వారాలు బాగుంటుంది, మళ్లీ మొదటికొస్తుంది. కండోమ్ వాడినప్పుడు రావడం లేదని నాకు అనిపిస్తోంది.

మా అక్కేమో "నీకు ఇమ్యూనిటీ తక్కువ, అందుకే" అంటుంది. నెట్‌లో చూస్తే "సెక్స్‌తో రోగనిరోధక శక్తి పెరుగుతుంది" అని ఏ ఆరోగ్య పేజీ తెరిచినా ఉంటుంది. పెరిగేదే అయితే నాకిలా ఎందుకు? తగ్గేదే అయితే ఆడవాళ్లందరికీ ఇదే గొడవ ఉండాలి కదా? అసలు లోపల ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు చెప్పండి. మందుల పేర్లు వద్దు, అవి డాక్టరు చూసుకుంటారు.

చుక్కాని
అక్క మాట పట్టించుకోకండి. ఇమ్యూనిటీ పెరుగుతుందన్నది ఉత్త మాట కాదు, దానికి పరిశోధన ఉంది. అమెరికాలో విల్క్స్ యూనివర్సిటీ వాళ్లు కాలేజీ విద్యార్థుల మీద చేశారు. వారానికి ఒకటి రెండుసార్లు కలిసేవాళ్లలో ఐజీఏ అనే యాంటీబాడీ 30 శాతం దాకా ఎక్కువ ఉందట. మీ సమస్యకు కారణం ఇంకెక్కడో ఉంది.

సూక్ష్మలోకం
> ఐజీఏ అనే యాంటీబాడీ 30 శాతం దాకా ఎక్కువ ఉందట

నేను మైక్రోబయాలజీలో పరిశోధన విద్యార్థిని. ఆ పేపరు చదివాను. వంద మందికి కాస్త పైగా విద్యార్థులు, ఆడా మగా కలిపి. ఐజీఏ కొలిచింది లాలాజలంలో! నోట్లో యాంటీబాడీ పెరిగిందని యోనిలో రక్షణ పెరిగిందనుకుంటే ఎలా? అదీగాక యోని స్రావాల్లో ఐజీఏ కంటే ఐజీజీ అనే రకమే ఎక్కువ ఉంటుంది. ఈ విషయంలో నోరు, పేగుల పొరలకూ దానికీ పోలికే లేదు.

వార్తలు రాసేవాళ్లు వదిలేసే సంగతి ఇంకోటుంది. అదే పరిశోధనలో వారానికి 3 సార్లు, అంతకు మించి కలిసేవాళ్లలో ఐజీఏ మళ్లీ తక్కువే ఉంది. ఆ ముక్క ఎవరూ హెడ్డింగ్ పెట్టరు.

చుక్కాని
సరే, లాలాజలమే అనుకుందాం. చెడైతే చేయదు కదా?

మందారం
చెడా మంచా అని ఒక్క ముక్కలో తేలే విషయం కాదు ఇది. గైనకాలజీ ప్రాక్టీసు చేస్తున్నదాన్ని కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

రోగనిరోధక శక్తి అనగానే అందరికీ రక్తంలో తెల్లకణాలే గుర్తొస్తాయి. యోనిలో మొదటి కాపలా అవి కావు, బ్యాక్టీరియా. ఈస్ట్రోజెన్ హార్మోన్ ప్రభావంతో యోని గోడ కణాల్లో గ్లైకోజెన్ పేరుకుంటుంది. కణాలు రాలిపోయినప్పుడు అది ముక్కలై చిన్న చక్కెరలవుతుంది. లాక్టోబాసిల్లస్ జాతి బ్యాక్టీరియా ఆ చక్కెరలను తిని లాక్టిక్ ఆమ్లం వదులుతుంది. అందుకే పునరుత్పత్తి వయసులో చాలామందిలో అక్కడి పీహెచ్ (ఇది ఎంత తక్కువైతే అంత పులుపు) 3.8 నుంచి 4.5 మధ్య ఉంటుంది. ఆ పులుపులో హానికర బ్యాక్టీరియా చాలావరకు పెరగలేదు. 1892లోనే ఆల్బర్ట్ డోడర్‌లైన్ అనే జర్మన్ గైనకాలజిస్టు ఈ బ్యాక్టీరియా గురించి రాశాడు.

దాని పైన గర్భాశయ ముఖద్వారం దగ్గర జిగురు పొర. అండం విడుదలయ్యే రోజుల్లో పల్చబడి సాగుతుంది, మిగతా రోజుల్లో చిక్కగా మూసుకుని ఉంటుంది. లైసోజైమ్, లాక్టోఫెర్రిన్, డిఫెన్సిన్‌లు అనే క్రిమినాశక ప్రొటీన్లు ఆ స్రావాల్లోనే ఉంటాయి. ఆ తర్వాతే తెల్లకణాలు, యాంటీబాడీల వంతు.

ఇప్పుడు వీర్యం సంగతి. దాని పీహెచ్ సుమారు 7.2 నుంచి 8 దాకా, అంటే క్షారగుణం. పులుపులో వీర్యకణాలు బతకవు కాబట్టి వీర్యం ఆ పులుపును విరిచేస్తుంది. 1973లో ఒక జంటలో, రేడియో సంకేతాలు పంపే చిన్న పరికరాన్ని లోపల ఉంచి కొలిచారు. స్ఖలనమైన 8 సెకన్లలో పీహెచ్ 4.3 నుంచి 7.2కి ఎగబాకింది. గంటల తరబడి ఆ ప్రభావం ఉండొచ్చు. లాక్టోబాసిల్లస్ బలంగా ఉన్న స్త్రీలో మళ్లీ ఆమ్లం తయారై పీహెచ్ దిగిపోతుంది, ఆవిడకు ఏమీ తెలియనే తెలియదు. ఆ సైన్యం పలచబడి ఉంటే ఆ కొన్ని గంటల వ్యవధే మిగతా బ్యాక్టీరియాకు అవకాశం.

వెన్నెలదారి గారూ, మీ రక్తంలో ఇమ్యూనిటీకి ఏ లోటూ లేకపోయినా ఇలా జరగొచ్చు. మీ అక్కగారి మాటకు ఆధారం లేదు.

వెన్నెలదారి
డాక్టర్ గారూ, చాలా థాంక్స్. వాసన సరిగ్గా కలయిక తర్వాతే ఎందుకు ఎక్కువవుతుంది? పీరియడ్స్ చివర్లోనూ కొంచెం ఉంటుంది.

సూక్ష్మలోకం
దీనికి నేను చెప్పనా? నాకిష్టమైన భాగం ఇది.

బీవీలో పెరిగే బ్యాక్టీరియా అమీన్లు అనే రసాయనాలు తయారుచేస్తుంది. ఆమ్లంలో అవి కరిగి అణిగి ఉంటాయి. క్షారం తగలగానే ఆవిరై గాల్లో కలుస్తాయి, అదే నీచు వాసన. ల్యాబ్‌లోనూ ఇదే పని చేస్తారు. డిశ్చార్జ్ మీద 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి వాసన చూస్తారు. 1983లో ఆమ్సెల్ బృందం చెప్పిన 4 లక్షణాల్లో అదొకటి. మిగతావి పల్చని డిశ్చార్జ్, 4.5 దాటిన పీహెచ్, మైక్రోస్కోపులో అంచుల నిండా బ్యాక్టీరియా అంటుకున్న కణాలు. నాలుగింటిలో 3 ఉంటే బీవీ. వీర్యం క్షారం, నెలసరి రక్తం పీహెచ్ కూడా 7.4 దరిదాపుల్లో. అంటే మీ శరీరంలో ఆ ల్యాబ్ పరీక్ష దానంతటదే జరుగుతోందన్నమాట. వాసన ఆ రోజు పుట్టింది కాదు, ఆ రోజు బయటపడింది.

పాతకాపు
ఇంత కెమిస్ట్రీ ఎందుకమ్మా. అయిపోగానే లోపల శుభ్రంగా కడిగేసుకుంటే వీర్యమూ పోతుంది, బ్యాక్టీరియా కూడా పోతుంది. మా ఆవిడ ఇంటిమేట్ వాష్ వాడుతుంది, ఏ సమస్యా లేదు.

మందారం
పాతకాపు గారూ, మీ ఆవిడకు సమస్య లేదంటే ఆ వాష్ వల్ల కాదు, ఆ వాష్ వాడుతున్నా సమస్య రాలేదనుకోండి. లోపలికి నీళ్లు, ద్రావణాలు కొట్టి కడిగేవాళ్లలో బీవీ ఎక్కువగా కనిపిస్తుంది. గర్భాశయం, ట్యూబుల ఇన్‌ఫెక్షన్లు కూడా ఎక్కువే. కడిగితే పోయేది ముందు లాక్టోబాసిల్లస్. బయటి భాగం మామూలు నీళ్లతో కడిగితే చాలు. లోపలికి ఏదీ వద్దు. దీని గురించి ఇక్కడ ఎన్నిసార్లు రాశానో నాకే గుర్తులేదు.

గాలిపటం
నాదో అమాయకపు డౌట్. వీర్యం బయటి నుంచి వచ్చిన పదార్థం, అందులోని జన్యువులు పరాయివి. శరీరం దాన్ని శత్రువుగా చూడాలి కదా? మరి గర్భం ఎలా వస్తోంది?

సూక్ష్మలోకం
అమాయకపు డౌట్ కాదిది, దీని చుట్టూ ఒక పరిశోధన రంగమే ఉంది.

వీర్యం అంటే వీర్యకణాలను మోసుకొచ్చే ద్రవం మాత్రమే అనుకునేవారు ఒకప్పుడు. ఆస్ట్రేలియాలో అడిలైడ్ యూనివర్సిటీలో సారా రాబర్ట్‌సన్ బృందం ఈ అభిప్రాయాన్ని చాలా మార్చింది. 2012లో వాళ్లు ప్రచురించిన ఒక అధ్యయనంలో కలయికకు ముందు, 12 గంటల తర్వాత స్త్రీల గర్భాశయ ముఖద్వారం నుంచి చిన్న ముక్కలు తీసి చూశారు. కండోమ్ లేకుండా కలిసినవాళ్లలో మాక్రోఫేజ్‌లు, డెండ్రిటిక్ కణాలు, టీ కణాలు అనే రోగనిరోధక కణాలు అక్కడికి గుంపుగా చేరాయి. కండోమ్ వాడినవాళ్లలో ఆ కదలిక లేదు. అంటే కారణం రాపిడి కాదు, వీర్యద్రవమే.

చేరిన కణాలు ఏం చేస్తాయన్నది అసలు విషయం. కొన్ని మిగిలిపోయిన వీర్యకణాలను, వెంట వచ్చిన సూక్ష్మజీవులను ఏరివేస్తాయి. కొన్ని ఆ పరాయి ప్రొటీన్లను గుర్తుపెట్టుకుంటాయి. వీర్యంలో టీజీఎఫ్ బీటా, ప్రోస్టాగ్లాండిన్ ఈ2 అనే సంకేత రసాయనాలు దండిగా ఉంటాయి. ఇవి రోగనిరోధక వ్యవస్థను "కొట్టు" అనే వైపు కాక "ఓర్చుకో" అనే వైపు నెడతాయి. ఎలుకల్లో చేసిన ప్రయోగాల్లో వీర్యద్రవం తగిలాక ఓర్పు నేర్పే రెగ్యులేటరీ టీ కణాలు పెరగడం స్పష్టంగా కనిపించింది. కాబట్టి పెరిగిందా తగ్గిందా అని అడిగితే, ఒకేసారి రెండూ.

ఇద్దరం
మేం పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాం. ఇది చదివాక ఒక ప్రశ్న. ఇంతకాలం కండోమ్ వాడాం. అలవాటు లేని వీర్యం ఒక్కసారిగా తగిలితే గర్భంలో బీపీ వస్తుందని ఎక్కడో చదివి భయపడుతున్నా. నిజమా?

మందారం
పూర్తిగా గాలివార్త కాదు గానీ మీరు భయపడేంత లేదు. ప్రీ-ఎక్లాంప్సియా అంటే గర్భిణుల్లో 20 వారాల తర్వాత బీపీ పెరిగి, తరచుగా మూత్రంలో ప్రొటీన్ పోవడం, ఒక్కోసారి కాలేయం, కిడ్నీలు కూడా దెబ్బతినడం. 1989లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, గర్భానికి ముందు కండోమ్‌లాంటి అడ్డు పద్ధతులు వాడినవాళ్లలో అది రెండింతలకు పైగా కనిపించింది. 1994లో గ్వాడెలూప్ దీవి నుంచి వచ్చిన అధ్యయనంలో జంట ఎక్కువకాలం కలిసి ఉన్నాక వచ్చిన గర్భాల్లో బీపీ సమస్య తక్కువ తేలింది. తర్వాత వచ్చిన అధ్యయనాలన్నీ దీంతో ఏకీభవించలేదు.

తొలి గర్భం, అధిక బరువు, షుగర్, ముందునుంచీ ఉన్న బీపీ, కవలలు, ఇంతకు ముందు వచ్చిన చరిత్ర: వీటి బరువు ఎక్కువ. మీకు వీటిలో ఏవైనా ఉంటే గర్భం నిర్ధారణ అవగానే చెప్పండి. ముప్పు ఎక్కువున్నవాళ్లకు తక్కువ మోతాదు ఆస్పిరిన్ 12 వారాల తర్వాత మొదలుపెడతాం, దానికి గట్టి ఆధారం ఉంది. ఎలాగూ ప్రయత్నిస్తున్నారు కాబట్టి కండోమ్ మానేసే ఉంటారు. దాని గురించి ఇక ఆలోచించకండి.

చుక్కాని
మరి రక్తంలో ఏమీ మారదా? నాకు ఇంకో పరిశోధన గుర్తుంది, లైంగికత మీద పరిశోధించే అమెరికా సంస్థ కిన్సే ఇన్‌స్టిట్యూట్ వాళ్లది. లైంగికంగా చురుగ్గా ఉన్న స్త్రీల ఇమ్యూనిటీ నెల పొడవునా మారుతుందని.

సూక్ష్మలోకం
ఇది మంచి ఉదాహరణ. టియర్నీ లోరెంజ్ బృందం, 2015. ఆరోగ్యంగా ఉన్న 30 మంది స్త్రీలు, సుమారు సగం మంది లైంగికంగా చురుగ్గా ఉన్నవాళ్లు. అండం విడుదలయ్యాక వచ్చే రోజుల్లో వీళ్లలో టైప్ 2 సహాయక టీ కణాల వైపు మొగ్గు కనిపించింది. పరాయిదాన్ని ఓర్చుకునే దిశ అది. నెలలో మొదటి సగంలో టైప్ 1 వైపు, అంటే పోరాడే దిశకు. కలయిక లేనివాళ్లలో ఈ ఎగుడుదిగుళ్లు అంతగా లేవు.

చూశారుగా, ఇక్కడా ఒట్టి పెరుగుదల కాదు. నెలలో ఎప్పుడు ఓర్చుకోవాలి, ఎప్పుడు పోరాడాలి అన్నది సర్దుకోవడం. కాకపోతే 30 మందే. అదీగాక చురుగ్గా ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ మధ్య నిద్ర, ఒత్తిడి, బంధం తీరు లాంటి తేడాలు ఎన్నో ఉండొచ్చు. దీన్ని పట్టుకుని "వారానికి ఇన్నిసార్లు కలవండి" అని సలహా ఇచ్చే ఆరోగ్య పేజీలంటే నాకు మంట.

మధ్యమావతి (నిర్వాహకురాలు)
పైన ఒక సభ్యుడు వెన్నెలదారి గారి నడవడిక గురించి రాసిన వ్యాఖ్య తీసేశాను. బీవీ ఉందంటే ఎవరో ఏదో చేశారని అర్థం కాదు. ఇంకోసారి ఇలా రాస్తే ఖాతా ఉండదు. చర్చ కొనసాగించండి.

నీలాంబరి
నాకు బీవీ కాదు, యూరిన్ ఇన్‌ఫెక్షన్. కలిసిన రెండు రోజుల్లో మంట, పదే పదే వెళ్లాలనిపించడం. ఇదీ ఆ పులుపు తగ్గడం వల్లేనా? ఇన్‌ఫెక్షన్ రాకూడదని మేం స్పెర్మిసైడ్ (వీర్యకణాలను చంపే) జెల్ కూడా వాడతాం.

మందారం
నీలాంబరి గారూ, ఆ జెల్‌ను ముందు అనుమానించండి.

స్త్రీలలో మూత్రనాళం సుమారు 4 సెంటీమీటర్లే. పేగుల్లో ఉండే ఈ కోలై అనే బ్యాక్టీరియా యోని ముఖం దగ్గర చేరితే కలయిక సమయంలో మూత్రాశయంలోకి సులువుగా వెళ్తుంది. లాక్టోబాసిల్లస్ బలంగా ఉంటే ఆ ముఖం దగ్గరే ఈ కోలైకి చోటు దొరకదు. స్పెర్మిసైడ్‌లో ఉండే నోనాక్సినాల్-9 వీర్యకణాలతో ఆగదు, లాక్టోబాసిల్లస్‌ను కూడా చంపుతుంది. 1996లో యువతుల మీద వచ్చిన పెద్ద అధ్యయనంలో యూరిన్ ఇన్‌ఫెక్షన్‌కు ముఖ్య కారణాల్లో రెండు ఇవని తేలింది: ఇటీవలి కలయిక, స్పెర్మిసైడ్‌తో డయాఫ్రమ్ (గర్భాశయ ముఖద్వారాన్ని మూసే మూత) వాడకం. ఇంకా ఘోరం, హెచ్‌ఐవీ నుంచి కాపాడుతుందనుకుని సెక్స్ వర్కర్లలో నోనాక్సినాల్-9ను పరీక్షించారు. 2002లో ఫలితం వచ్చింది. తరచుగా వాడినవాళ్లలో హెచ్‌ఐవీ ముప్పు పెరిగింది, లోపలి పొర దెబ్బతిన్నందుకు.

కలయిక తర్వాత మూత్రానికి వెళ్లమని అందరూ చెబుతారు. దానికి గట్టి రుజువు లేదు, నష్టమూ లేదు, చేయండి. రుజువున్నది నీళ్లకు: తరచుగా ఇన్‌ఫెక్షన్ వచ్చే, నీళ్లు తక్కువ తాగే 140 మంది స్త్రీలలో సగం మందిని రోజూ అదనంగా 1.5 లీటర్లు తాగమన్నారు. ఏడాదిలో సగటున ఇన్‌ఫెక్షన్లు వాళ్లకు 1.7 సార్లు, మిగతావాళ్లకు 3.2 సార్లు. జ్వరం, నడుం పక్కన నొప్పి, వాంతులు వస్తే మాత్రం ఇంట్లో కూర్చోవద్దు. కిడ్నీదాకా పాకిందేమో చూడాలి.

గోరింట
నాకు 57. మెనోపాజ్ తర్వాత నాకూ ఇవే బాధలు మొదలయ్యాయి. పొడిబారడం, కలిస్తే మంట, తర్వాత యూరిన్ ఇన్‌ఫెక్షన్. ఈ వయసులో ఇలాంటివి అడగడమేంటని నోరు మూసుకుని ఉన్నా. ఈ థ్రెడ్ చూశాక ధైర్యం వచ్చింది.

మందారం
అడగడానికి వయసుతో పనేముంది గోరింట గారూ. ఈస్ట్రోజెన్ తగ్గితే గ్లైకోజెన్ తగ్గుతుంది, లాక్టోబాసిల్లస్‌కు ఆహారం ఉండదు, పీహెచ్ 5 దాటుతుంది. గోడ పల్చబడి రాపిడికి చిన్న చిన్న చిరుగులు పడతాయి. లోపల రాసుకునే తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీమ్ ఈ మొత్తం గొలుసును మొదటినుంచి సరిచేస్తుంది. 1993లో వచ్చిన ట్రయల్‌లో క్రీమ్ వాడినవాళ్లకు యూరిన్ ఇన్‌ఫెక్షన్లు ఏడాదికి సగటున 0.5, వాడనివాళ్లకు 5.9. రొమ్ము క్యాన్సర్ చరిత్ర ఉంటే ముందు మీ డాక్టరుతో మాట్లాడాలి.

కందెన జెల్ వాడితే దాని మీద ఓస్మోలాలిటీ (కరిగి ఉన్న పదార్థాల గాఢత) రాసి ఉందేమో చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012 సూచన ప్రకారం అది 1200 దాటకూడదు, 380 లోపుంటే ఇంకా మేలు. పీహెచ్ 4.5 దగ్గర ఉండాలి. ఈ గాఢత మరీ ఎక్కువున్న జెల్‌లు కణాల్లోంచి నీరు లాగేసి పొరను ఇంకా పల్చన చేస్తాయి. ఉమ్మి వాడొద్దు.

జతపక్షి
మా జంటలో ఇద్దరమూ ఆడవాళ్లమే. వీర్యం ఊసే లేదు, అయినా ఇద్దరికీ బీవీ వచ్చింది. అప్పుడు మీ పీహెచ్ లెక్క ఏమైనట్టు?

సూక్ష్మలోకం
బాగా అడిగారు. పీహెచ్ సగం కథే. మిగతా సగం బ్యాక్టీరియా మార్పిడి. స్త్రీల జంటల్లో ఒకరికి బీవీ ఉంటే రెండోవారికీ ఉండడం చాలా తరచుగా కనిపిస్తుంది. వేళ్లు, టాయ్స్ ద్వారా స్రావాలు ఇటునుంచి అటు చేరతాయి. టాయ్స్‌కు కండోమ్ తొడిగి, ఒకరి తర్వాత ఇంకొకరు వాడేముందు మార్చండి. ఇద్దరూ ఒకేసారి పరీక్ష చేయించుకుంటే మంచిది.

నీలాంబరి
ప్రోబయోటిక్ క్యాప్సూల్స్ పనిచేస్తాయా ఎవరికైనా తెలుసా? ఫార్మసీలో ఒకటి అంటగట్టారు.

సూక్ష్మలోకం
నోటితో మింగే వాటిలో చాలావరకు యోనిలో ఉండే జాతులే కావు. లాక్టోబాసిల్లస్‌లోనూ రకాలున్నాయి. 2011లో 396 మంది స్త్రీల నమూనాలు చూసి యోని బ్యాక్టీరియాను 5 గుంపులుగా విడగొట్టారు. క్రిస్పాటస్ రాజ్యమేలే గుంపు గట్టిది. ఇనర్స్ రకం ఉన్న గుంపు అటూ ఇటూ జారుతుంటుంది. 2020లో క్రిస్పాటస్‌నే నేరుగా యోనిలో పెట్టి చూసిన ట్రయల్‌లో, బీవీ చికిత్స తర్వాత 12 వారాల్లో తిరగబెట్టింది 30 శాతం మందికి. ఉత్త పొడి పెట్టినవాళ్లలో 45 శాతం. ఆశ పుట్టించే ఫలితమే గానీ మీకు అంటగట్టిన డబ్బాలో ఉన్నది అది కాదు.

గాలిపటం
కలిసిన పది నిమిషాల్లోనే బయట ఎర్రగా వాచిపోయి దురద వస్తే అదీ బీవీయేనా? నాకు కాదు, స్నేహితురాలికి.

మందారం
కాదు. అంత త్వరగా వస్తే వీర్యద్రవంలోని ప్రొటీన్లకు ఎలర్జీ కావచ్చు, అరుదు గానీ ఉంది. కండోమ్ వాడితే రాకపోతే అనుమానం బలపడుతుంది. లేటెక్స్ పడకపోయినా ఇలాగే ఉంటుంది, అప్పుడు కండోమ్ వాడినప్పుడే వస్తుంది. ఊపిరాడకపోవడం, ఒళ్లంతా దద్దుర్లు వస్తే వెంటనే ఎమర్జెన్సీకి.

వెన్నెలదారి
మళ్లీ నా సంగతికొస్తా. ఇదంతా చదివాక నాకర్థమైంది: నా లోపలి బ్యాక్టీరియా పలచబడి ఉంది, వీర్యం పులుపు విరుస్తోంది, అప్పుడు మిగతావి పెరుగుతున్నాయి. మాత్రలతో అవి చచ్చినా మళ్లీ ఎక్కడినుంచి వస్తున్నాయి? మాకు ఒకరికొకరం తప్ప ఇంకెవరూ లేరు.

మందారం
సరైన చోటుకొచ్చారు. కొన్ని మీ దగ్గరే మిగులుతాయి. బీవీలో పెరిగే గార్డ్‌నెరెల్లా అనే బ్యాక్టీరియా యోని గోడకు పొరలా అతుక్కుని ఉంటుంది, యాంటీబయాటిక్ ఆ పొర లోపలికి పూర్తిగా వెళ్లదు. ఇంకో చోటు మీవారి దగ్గర. బీవీ బ్యాక్టీరియా మగవాళ్ల మూత్రనాళంలో, అంగం ముందు చర్మం కింద ఏ లక్షణమూ లేకుండా ఉండగలదు.

మగవాళ్లకు మందిచ్చి చూసిన పాత ట్రయల్స్‌లో ఫలితం రాలేదు. అందుకని మేం డాక్టర్లం చాలాకాలం "ఆయనకు అక్కర్లేదు" అనే చెప్పాం. వాటిలో ఇచ్చింది నోటి మాత్రలే. 2025 మార్చిలో ఆస్ట్రేలియా నుంచి కొత్త ట్రయల్ వచ్చింది. ఒకరితో ఒకరే ఉన్న జంటలు. ఒక గుంపులో భార్యకు మాత్రమే చికిత్స. రెండో గుంపులో ఆయనకూ 7 రోజులు మాత్ర, దాంతోపాటు అంగం మీద రాసుకునే క్రీమ్. 12 వారాల్లో తిరగబెట్టింది మొదటి గుంపులో 63 శాతం మందికి, రెండో గుంపులో 35 శాతం మందికి. తేడా అంత స్పష్టంగా ఉండడంతో ట్రయల్ ముందే ఆపేశారు.

పాతకాపు
ఏ జబ్బూ లేని మగాడు యాంటీబయాటిక్ ఎందుకు మింగాలి? రేపు ప్రతిదానికీ మొగుణ్ణే అంటారు.

నీలాంబరి
పాతకాపు గారూ, ఏళ్ల తరబడి ఆవిడొక్కతే మింగుతోంది, అప్పుడు ఎవరూ ఎందుకని అడగలేదు.

వెన్నెలవాళ్లాయన
నమస్కారం, పేరు చూస్తే తెలుస్తుంది ఎవరినో. ఆవిడ రెండు రోజులుగా ఈ థ్రెడ్ చదివి వినిపిస్తోంది. నాకు అభ్యంతరం లేదు. రెండే ప్రశ్నలు. మందు వాడే వారం కలవొచ్చా? నాకూ ఏదైనా పరీక్ష ఉంటుందా?

మందారం
మీలాంటివాళ్లు ఇంకొందరు రాస్తే బాగుండును. మీ పరీక్షతో ఈ విషయంలో ప్రయోజనం లేదు, మగవాళ్లలో బీవీ పరీక్ష అంటూ ప్రామాణికంగా ఏమీ లేదు. వేరే లైంగిక వ్యాధుల పరీక్షలు మీ డాక్టరు అవసరమనుకుంటే చేస్తారు. ఇద్దరూ ఒకే వారం మొదలుపెట్టాలి, వేర్వేరు వారాల్లో వాడితే లాభం ఉండదు. అది పూర్తయ్యేదాకా కలవకండి. ఎలర్జీలు, కాలేయ సమస్యలు, వాడుతున్న ఇతర మందులు ముందే చెప్పండి. సొంతంగా కొని వాడొద్దు. ఆవిడ గర్భం దాల్చి ఉండే అవకాశముంటే అదీ చెప్పాలి.

ఇంకో మాట. ఈ లాక్టోబాసిల్లస్ సైన్యం ఎంత బలంగా ఉన్నా హెచ్‌పీవీ అనే వైరస్‌ను ఆపుతుందని నమ్ముకోకూడదు. ఆ వైరస్ చాలామందిలో రెండేళ్లలోపు దానంతటదే పోతుంది, పోనివాళ్లలో కొందరికి సర్విక్స్ (గర్భాశయ ముఖద్వారం) క్యాన్సర్‌కు దారితీయొచ్చు. టీకా, స్క్రీనింగ్ వాటి దారిన అవి జరగాలి.

వెన్నెలదారి
వచ్చే వారం వెళ్తున్నాం, ఇద్దరం. డిశ్చార్జ్ ఉన్నప్పుడే వెళ్లాలా, తగ్గాక వెళ్లినా పర్లేదా?

మందారం
ఉన్నప్పుడే వెళ్లండి. ముందు 24 గంటలు కలవకండి, లోపల ఏ క్రీమూ జెల్లూ వాడకండి. వీర్యం మిగిలి ఉంటే పీహెచ్ ఎక్కువ చూపించి లెక్క తప్పుతుంది. పీరియడ్స్ రోజులైతే ఆగి, అయ్యాక వెళ్లండి. ఇంతకుముందు వాడిన మందుల చీటీలు పట్టుకెళ్లండి, ఏది ఎన్ని రోజులు పనిచేసిందో కూడా రాసుకుని.

వెన్నెలదారి
చీటీలన్నీ ఉన్నాయి. ఫలితం వచ్చాక ఇక్కడే రాస్తాను.